టో క్లిప్ పెడళ్ళకి ఏ బూట్లు? (మా నాన్న బూట్ల సంగతి కూడా)

ఇది కొంచెం పెద్ద పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

పోయిన వారం ఇక్కడ ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో రేసు సైకిల్ కొన్నానని ఫొటో పెట్టాడు. పెడళ్ళకి ముందు ఇనప బుట్టలు, వాటికి బెల్టులు. "ఎద్దు మూతికి కట్టే చిక్కంలా ఉందిరా" అని ఒకన్న రాశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ తమ్ముడు చివర్లో ఒక మాట అడిగాడు: "వీటిలోకి ఏ బూట్లు వేసుకోవాలి?" దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఏడాదిన్నర కిందట నేనూ ఇదే ప్రశ్న చాలామందిని అడిగాను. జవాబు దొరికేలోపు ఒకసారి లారీ ముందు పడ్డాను కూడా. అందుకే రాస్తున్నాను.

మాది ఎ.కొండూరు మండలంలో ఒక తండా. నేను తిరువూరులో డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటి నుంచి కాలేజీకి 16 కిలోమీటర్లు. బస్సు పాసు తీసుకోవచ్చు కదా అంటారు. పొద్దున పోవడానికి పర్లేదు. కానీ కాలేజీ అయ్యాక నేను ఒక జిరాక్స్ షాపులో రాత్రి ఎనిమిది దాకా పని చేస్తాను. ఆ టైముకి మెయిన్ రోడ్డు మీద దిగినా, అక్కడి నుంచి తండాకి నాలుగు కిలోమీటర్లు చీకట్లో నడవాలి. ఆ పని మానేయడం కుదరదు. మా మండలం తండాల్లో కిడ్నీ జబ్బుల సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. మా నాన్నకి కూడా అదే. వారానికి రెండుసార్లు డయాలసిస్. పింఛను వస్తుంది, అది మందులకీ ఆటోలకీ అయిపోతుంది. ఇంట్లో ఉప్పూ పప్పూ నా జిరాక్స్ డబ్బులతో, అమ్మ కూలి డబ్బులతో.

మొదట్లో మా అక్క సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. అక్కకి తొమ్మిదో తరగతిలో బడికొస్తా పథకం కింద వచ్చిన సైకిల్ అది. అక్కకి పెళ్ళయి వెళ్ళిపోయింది, సైకిల్ ఇంట్లో ఉంది. మంచి సైకిలే, కానీ బరువు. గాలి ఎదురొచ్చిన రోజు గంటన్నర పట్టేది. మొదటి పీరియడ్ పోయేది. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి నా హాజరు 61 శాతం. 75 లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని మీ అందరికీ తెలుసు. ఫీజు కట్టుకునే స్తోమత ఉంటే ఈ సైకిల్ గొడవే లేదు.

అప్పుడు బెంగళూరులో పనిచేసే మా తండా అన్న ఒకాయన తన పాత రేసు సైకిల్ ఇచ్చాడు. "నాకు బండి వచ్చింది, ఇది నువ్వు తొక్కుకో" అన్నాడు. కిందికి వంగిన హ్యాండిల్, సన్న టైర్లు, ఇనప ఫ్రేమే కానీ అక్క సైకిల్లో సగం బరువు లేదు. పెడళ్ళకి ఈ టో క్లిప్పులు. తీసేద్దామనుకున్నాను. తిరువూరులో సైకిల్ రిపేరు చేసే బాబాయ్ వద్దన్నాడు. "ఇప్పుడు ఎవడి దగ్గరా ఉండవు ఇవి. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు పందేల సైకిళ్ళకి ఇవే ఉండేవి. అలవాటు చేసుకో" అన్నాడు.

తర్వాత నేను కొంచెం చదివాను. బాబాయ్ చెప్పింది నిజమే. 1980ల దాకా ప్రపంచంలో పెద్ద పెద్ద రేసులన్నీ ఈ బుట్టలూ బెల్టులతోనే నడిచాయి. 1984లో ఫ్రాన్స్‌కి చెందిన లుక్ కంపెనీ, బూటు అడుగున ఒక ముక్క బిగించి పెడల్‌కి క్లిక్‌మని తగిలించే పద్ధతి తెచ్చింది. 1985లో బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాక మెల్లగా రేసర్లంతా అటు మళ్ళారు. అయినా జపాన్‌లో కెయిరిన్ అనే ట్రాక్ పందేలు ఉంటాయి, 1948 నుంచి నడుస్తున్నాయి. ఆ రేసర్లు ఇప్పటికీ టో క్లిప్పులే వాడతారు. అంటే ఇది పనికిరాని పాత సామాను కాదు. సరిగ్గా వాడుకోవాలి, అంతే.

ఇంతకీ వీటి వల్ల లాభం ఏంటి? పైకి కూడా లాగొచ్చు కాబట్టి రెట్టింపు వేగం వస్తుందని కొందరు చెప్తారు. అంత లేదు. నాకు తెలిసిన అసలు లాభం ఒకటే: పాదం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది, జారదు. వేళ్ళ కింద ఉబ్బెత్తుగా ఉండే భాగం సరిగ్గా పెడల్ ఇరుసు మీద ఉండాలి. మామూలు పెడల్ మీద మనం తెలియకుండా మధ్యపాదంతో తొక్కుతాం, ఒక్కోసారి మడమతో. చిన్న లెక్క చెప్తాను. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 5 మీటర్లు పోతుందనుకోండి. 16 కిలోమీటర్లకి 3,200 చుట్లు. రానూ పోనూ 6,400. అన్నిసార్లు పాదం తప్పు చోట పడితే మోకాలు ఊరుకోదు.

ఇప్పుడు బూట్ల సంగతి. నేను వరసగా ఏమేం వేసుకున్నానో, ఏమైందో చెప్తాను.

మొదట రబ్బరు చెప్పులు. నవ్వకండి, నా దగ్గర ఉన్నవి అవే. పాదం బుట్టలోకి బాగానే పోయింది. తీసేటప్పుడు పాదం వచ్చింది, చెప్పు బుట్టలోనే ఉండిపోయింది. రెండో రోజు నడిరోడ్డు మీద చెప్పు జారి పడిపోతే సైకిల్ ఆపి వెనక్కి పరిగెత్తాను. అదీ కాక ఆ పెడళ్ళకి ఇనప పళ్ళుంటాయి, జారకుండా. వారం తిరిగేసరికి అవి చెప్పుని కొరికేశాయి.

తర్వాత సంతలో 450 పెట్టి స్పోర్ట్స్ షూ కొన్నాను. చూడటానికి బాగున్నాయి, మెత్తగా ఉన్నాయి. మనం చేసే తప్పు ఇక్కడే. షాపులో నడిచి చూసి, మెత్తగా ఉంటే మంచి బూటు అనుకుంటాం. పరిగెత్తడానికి మంచిదే. ఈ పెడల్‌కి మాత్రం మూడు రకాలుగా చెడ్డది. ఒకటి, అడుగు లావు ఫోము. తొక్కిన బలంలో కొంత ఆ ఫోముని నొక్కడానికే పోతుంది. రెండు, అడుగు పక్కలకి బయటికి పొడుచుకొని ఉంటుంది, బుట్టలోకి దూర్చాలంటే కుస్తీ పట్టాలి. మూడు, అదే పెద్ద ప్రమాదం, అడుగున ట్రాక్టర్ టైరులాగ గళ్ళు ఉంటాయి. ఆ గళ్ళల్లోకి పెడల్ పళ్ళు దిగితే కాలు వెనక్కి రాదు.

ఇదంతా నాకు కొన్న రోజు తెలియదు. మే మొదటి వారంలో తెలిసింది. మామిడికాయల సీజను. రాత్రి షాపు మూసి ఇంటికి వస్తున్నాను. ఆ రోడ్డు మీద ఆ నెలలో నున్న మార్కెట్‌కి పోయే కాయల లారీలు, ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి. ఊరు దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర నా ముందు ట్రాక్టరు ఒక్కసారిగా ఆగింది. నేనూ బ్రేకు వేశాను. కుడికాలు కింద పెడదామని లాగాను. రాలేదు. పక్కకి లాగాను. రాలేదు. బెల్టు బిగించి ఉంది, బూటు గళ్ళు పెడల్ పళ్ళల్లో ఇరుక్కున్నాయి. సైకిల్ కుడివైపుకి వాలింది. కుడివైపు అంటే రోడ్డు మధ్యలోకి. సైకిల్‌తో సహా పడ్డాను. వెనక లారీ బ్రేకు శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దాని లైట్లు నా మొహం మీద. మూడు గజాల దూరంలో ఆగింది.

డ్రైవర్ దిగాడు. "చావడానికి నా బండే దొరికిందేంట్రా?" అని తిట్టాడు. తిడుతూనే కింద కూర్చొని బెల్టు ఊడదీసి నా కాలు బయటికి తీశాడు. మోచెయ్యి, మోకాలు చీరుకుపోయాయి. "ఇంట్లో ఎవరూ లేరా నీకు?" అన్నాడు వెళ్తూ వెళ్తూ. కోపంతో అన్నాడో జాలితో అన్నాడో తెలియదు.

ఇంటికెళ్ళి బురదలో జారానని చెప్పాను. మే నెలలో బురద ఎక్కడిదని అమ్మ అడగలేదు. నాన్న మాత్రం నా బూటు తిరగేసి చూశాడు. ఏమీ అనలేదు.

ఆ తర్వాత నెల రోజులు క్లిప్పులు తిరగేసి, పెడల్ వెనక వైపు తొక్కాను. అలా తొక్కితే బుట్ట కింద వేలాడుతూ రోడ్డుకి గీసుకుంటుంది. టక టక టక అని. కుక్కలు వెంటపడేవి.

జూన్‌లో మూడోది, తెల్ల కాన్వాస్ బూట్లు. మనలో చాలామందికి మొదటి బూట్లు అవే కదా, హాస్టల్లో పీటీకి. 250 రూపాయలు. వీటితో సగం సమస్య తీరింది. ముందు భాగం సన్నం, అడుగు చదును, గళ్ళు లోతు లేవు. బుట్టలోకి చప్పుడు లేకుండా పోతుంది, అంతే తేలిగ్గా వస్తుంది. ఊళ్ళో మూడు నాలుగు కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి నేను ఇప్పటికీ ఇవే చెప్తాను. కానీ నాకు 16 కిలోమీటర్లు. ఎనిమిదో కిలోమీటరు దాటాక పెడల్ అంచు అరికాలికి గుచ్చుకునేది. పదో కిలోమీటరుకి వేళ్ళు తిమ్మిరి. అడుగు మరీ పల్చన. అరికాలు పెడల్ చుట్టూ చపాతీలాగ వంగుతుంది. కాలేజీకి వెళ్ళి అరగంట కుంటేవాణ్ణి.

ఇక్కడ మన పాదాల గురించి ఒక మాట చెప్పాలి. మా నాయనమ్మ చివరి దాకా చెప్పు తొడగలేదు. నేను కూడా ఆరో తరగతిలో హాస్టల్‌కి వెళ్ళేదాకా ఒట్టి కాళ్ళతోనే తిరిగాను. అలా పెరిగిన పాదం ముందు వైపు వెడల్పుగా ఉంటుంది, వేళ్ళు విచ్చుకొని ఉంటాయి. అది జబ్బు కాదు, లోపం కాదు. పాదం పెరగాల్సినట్టు పెరిగింది, అంతే. కానీ బూట్లు మన పాదం చూసి తయారు చెయ్యరు. ఏడో నంబరు పొడవుకి సరిపోతుంది, వెడల్పుకి నొక్కుతుంది. ఎనిమిది తీసుకుంటే ముందు ఖాళీ. టో క్లిప్‌కేమో సన్న బూటు కావాలి, మనకేమో వెడల్పు పాదం. ఈ రెండిటి మధ్య నలిగిపోయేది చిటికెన వేలు.

ఆన్‌లైన్‌లో సైకిల్ బూట్లు చూశాను. నాలుగు వేలు, ఆరు వేలు. తెల్లారేదాకా చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. తర్వాత తెలిసింది, కొనకపోవడమే మంచిదైందని. ఇప్పుడొచ్చే సైకిల్ బూట్లు ఎక్కువ భాగం ఆ క్లిక్ పెడళ్ళ కోసం చేసినవి. అడుగున ముక్క బిగించడానికి బోల్టులు, వెడల్పు గట్టి అడుగు. మన బుట్టలో సరిగ్గా కూర్చోవు. ఖరీదైనది కదా అని కొనేయకండి.

ఇక మా నాన్న బూట్ల దగ్గరికి వస్తాను.

నాన్న విజయవాడలో ఒక అపార్ట్‌మెంటులో తొమ్మిదేళ్ళు వాచ్‌మన్‌గా చేశాడు. చేరేటప్పుడు నల్ల తోలు బూట్లు కొనుక్కున్నాడు, లేసులు కట్టేవి. మా వంశంలో తోలు బూటు తొడిగిన మొదటి మనిషి మా నాన్నే అయ్యుంటాడు. పండక్కి తండాకి వస్తే ఆ బూట్లతోనే వచ్చేవాడు. పిల్లలం ఆ చప్పుడు వింటేనే పరిగెత్తేవాళ్ళం. జబ్బు పడి ఇంటికొచ్చేశాక కూడా ప్రతి ఆదివారం వాటిని తీసి, గుడ్డతో తుడిచి, పాలిష్ పెట్టి మళ్ళీ రేకు పెట్టెలో పెట్టేవాడు. కానీ తొడగడానికి లేదు. కిడ్నీ జబ్బుకి కాళ్ళు నీరు పడతాయి. సాయంత్రానికి పాదం ఎలా ఉబ్బుతుందంటే, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. రబ్బరు చెప్పులు కూడా ఒక సైజు పెద్దవి కొన్నాం.

ఒక రాత్రి నేను కుంటుకుంటూ వచ్చి మంచం మీద కూర్చొని అరికాళ్ళు రుద్దుకుంటున్నాను. నాన్న చూస్తున్నాడు.

"బూట్లు పడట్లేదా?"

"పల్చగా ఉన్నాయి బా. గుచ్చుకుంటంది."

"పెట్టెలో నాయి ఉన్నాయిగా. తీసి ఏసుకో."

"అయ్యి నీయి. నువ్వేసుకోవా?"

"నేనేడకి పోతాను? ఈడ ఉంటే ఎలుకలు కొరుకుతాయి."

నేను తీసుకోలేదు. సైజు పెద్దదని చెప్పాను. అసలు కారణం అది కాదు. ఆ బూట్లు నేను తొడిగితే, నాన్న ఇక తొడగడని ఇద్దరం ఒప్పుకున్నట్టే. ఆయన ఆదివారం పాలిష్ పెడుతున్నంత కాలం ఎప్పుడో ఒకరోజు తొడుగుతాడని ఇంట్లో అందరం అనుకుంటూ ఉండొచ్చు. ఎవరం పైకి అనలేదు. అమ్మ కూడా ఆ పెట్టె జరిపి కింద ఊడ్చేది తప్ప తెరిచేది కాదు.

రెండు వారాలు గడిచాయి. నాన్నే ఒక పొద్దున నేను బయల్దేరే టైముకి ఆ బూట్లు తీసి సైకిల్ పక్కన పెట్టాడు. అప్పటికే పాలిష్ పెట్టి ఉన్నాయి. గురువారం అది, ఆదివారం కాదు. నేను ఇంకేమీ మాట్లాడలేదు. సంచిలో పెట్టుకొని వెళ్ళాను.

తిరువూరు బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే తాత ఉంటాడు. ఆయనకి బూట్లు, పెడల్ రెండూ చూపించాను. పెడల్ ఎలా తీసుకెళ్ళానంటారా? పెడల్ ఊడదీయడం తేలికే, చాలావాటికి 15 నంబరు స్పానర్ సరిపోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అది తెలియక నేను ఒక గంట చెమటలు కక్కాను. ఆ పెడల్‌ని సంచిలో వేసుకొని వెళ్తే బూట్ల షాపులో అయినా, తాత దగ్గరైనా అక్కడికక్కడే దూర్చి చూసుకోవచ్చు.

తాత బూటుని రెండు చేతులతో పట్టుకొని వంచాడు. వేళ్ళ దగ్గర కొంచెం వంగింది, నడుము దగ్గర వంగలేదు. "దీని నడుములో పట్టీ ఉంది బాబూ. రోజంతా నిలబడేవాళ్ళ బూటు ఇది" అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆయనకి తెలియదు కదా.

ఆయన చేసినవి మూడే పనులు. లోపల ఒక అట్ట వేసి నా సైజుకి తెచ్చాడు. ముందు భాగంలో పైతోలు దాటి బయటికి పొడుచుకొచ్చిన అడుగు అంచుని కత్తితో చెక్కి సన్నం చేశాడు, బుట్టకి తగలకుండా. అడుగు బాగా అరిగి నున్నగా ఉందని, వానలో జారుతుందని, సన్నటి గీతలున్న పల్చటి రబ్బరు అంటించాడు. 120 తీసుకున్నాడు.

నేను ఇంకొకటి అడిగాను. పాత కాలం రేసర్లు బూటు అడుగున అడ్డంగా గాడి ఉన్న ముక్కని మేకులతో కొట్టించుకునేవారని, ఆ గాడి పెడల్ అంచు మీద కూర్చుంటే కాలు అస్సలు కదలదని చదివాను. తాత తోలు ముక్కతో అలాంటిదే చేసి పెట్టాడు. ఒక్క రోజు తొక్కి తీయించేశాను. కాలు నిజంగానే కదల్లేదు. అదే భయం. బెల్టు వదులు చేస్తే తప్ప కాలు బయటికి రాదు. ట్రాక్ మీద పందెం వేసేవాళ్ళకి అది కావాలి. గేదెలూ ఆటోలూ ఉన్న రోడ్డు మీద మనకి అక్కర్లేదు.

తేడా మొదటి రోజే తెలిసింది. పదో కిలోమీటరు దాటినా అరికాలికి పెడల్ అంచు తగల్లేదు. గట్టి అడుగు వల్ల బరువు పాదం అంతటా పడుతుంది, ఒకచోట గుచ్చుకోదు. వారం అలవాటయ్యాక 16 కిలోమీటర్లు 50 నిమిషాల్లో వస్తున్నాను. మొదటి పీరియడ్ పోవట్లేదు. రెండో సెమిస్టర్ చివరికి హాజరు 78 శాతం.

ఇప్పుడు ఆ తమ్ముడికి, ఇంకా ఎవరికైనా పనికొస్తాయని, నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను.

1. బూటుని రెండు చేతులతో వంచి చూడండి. మధ్యలో మడత పడితే వద్దు. వేళ్ళ దగ్గర మాత్రమే కొంచెం వంగాలి, నడవాలి కాబట్టి.

2. అడుగు తిప్పి చూడండి. లోతు గళ్ళు, గుబ్బలు వద్దు. ఫుట్‌బాల్ స్టడ్స్ అసలే వద్దు. చదునుగా, సన్న గీతలతో ఉండాలి. మరీ నున్నగా ఉంటే వానలో జారుతుంది.

3. అడుగు పైభాగం కంటే వెడల్పుగా బయటికి పొడుచుకొని రాకూడదు. మన వెడల్పు పాదాలకి ఇది ముఖ్యం. పాదాన్ని నొక్కే సన్న బూటు కొనకండి. పాదానికి చోటు ఉండాలి, అడుగు అంచు మాత్రం తక్కువ ఉండాలి. పెడల్ ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళండి. షాపతను నవ్వితే నవ్వనివ్వండి.

4. బూటు వేసుకొని పాదం ముందు భాగం పెడల్ ఇరుసు మీద పెట్టినప్పుడు, బూటు కొసకీ బుట్టకీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. తగులుతుంటే బుట్ట చిన్నదని. బుట్టల్లో కూడా చిన్న, మధ్య, పెద్ద సైజులుంటాయి. దొరక్కపోతే బుట్టని పెడల్‌కి బిగించే బోల్టుల దగ్గర రెండు మూడు వాషర్లు వేస్తే కొంచెం ముందుకి జరుగుతుంది. అందుకు కాస్త పొడుగు బోల్టులు కావాలి.

5. బూట్లు సాయంత్రం కొనండి. రోజంతా నడిచాక, ఎండకి, అందరి పాదాలూ కొంచెం ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం నొక్కుతుంది.

6. లేసులు పొట్టిగా కట్టి, కొసలు లోపలికి దోపండి. ముఖ్యంగా కుడికాలివి, చైను అటువైపే ఉంటుంది. బెల్టు కొస కూడా వేలాడకూడదు.

7. ఊళ్ళో బెల్టు వదులుగా ఉంచండి. ఖాళీ రోడ్డు మీదే బిగించండి. ఆగాల్సిన చోటు కనపడగానే, ఆగక ముందే, ఎడమకాలు బయటికి తీసి పెట్టుకోండి. కాలు పక్కకి లాగితే రాదు, వెనక్కి లాగాలి. ఎడమవైపుకే వాలండి. మన రోడ్ల మీద ఎడమ అంటే మట్టి, కుడి అంటే లారీ.

8. మొదటి మూడు రోజులు రోడ్డెక్కకండి. గోడ పట్టుకొని కాలు పెట్టడం, తీయడం ఒక వంద సార్లు చెయ్యండి. నేను ఇది చెయ్యలేదు. చేసి ఉంటే ఆ లారీ డ్రైవర్‌కి ఆ రాత్రి నన్ను తిట్టే పని తప్పేది.

రోజూ చెప్పులతో సైకిల్ తొక్కేవాళ్ళు, రెండు మూడు కిలోమీటర్లే వెళ్ళేవాళ్ళు ఇవన్నీ పెట్టుకోనక్కర్లేదు. బాబాయ్ లాంటి వాళ్ళతో మామూలు రబ్బరు పెడళ్ళు వేయించుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. డయాలసిస్ అయిన మర్నాడు పొద్దున నాన్న కాళ్ళ వాపు కొంచెం తగ్గుతుంది. మొన్న అలాంటి పొద్దున ఒకటి. సెలవు రోజు. నేను లేచి బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర బూట్లు లేవు. చూస్తే నాన్న అవి తొడుక్కొని కుళాయి దాకా నడుస్తున్నాడు. లేసులు కట్టలేదు. అక్కడ ఒక నిమిషం నిలబడి, తిరిగొచ్చి, మంచం మీద కూర్చొని విప్పేశాడు. లోపల అట్ట వేసిన సంగతి ఆయనకి తెలిసింది. ముందు వైపు చెక్కిన అంచుని వేలితో తడిమి చూశాడు.

"బాగా కోశాడు" అన్నాడు. తర్వాత పాలిష్ డబ్బా తెమ్మన్నాడు. ఆదివారం కాదు కదా అన్నాను. "రోజూ రోడ్డు మీద తిరిగే బూట్లు, ఆదివారం దాకా ఆగుతాయా?" అన్నాడు.

ఇప్పుడు పాలిష్ రోజూ రాత్రి పెడుతున్నాడు. నేను వద్దనట్లేదు.

తమ్ముడూ, నీ సైకిల్ పెడల్ వెడల్పు, నీ పాదం పొడవు వెడల్పు ఒక కాగితం మీద గీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను. నా తెల్ల కాన్వాస్ బూట్లు ఏడో నంబరువి ఇంకా బాగానే ఉన్నాయి. దగ్గర్లో తొక్కేవాళ్ళు ఎవరికైనా కావాలంటే సాయంత్రం తిరువూరు బస్టాండ్ దాకా రండి, ఇచ్చేస్తాను. డబ్బులేం వద్దు.